తంతి మాస్టారి ఏడు కత్తులు

నునుపాయనకి ఉన్నది ఒక్క మొహం. ఆ ఒక్క మొహానికి కత్తులు నలభై మూడు.

నునుపాయన అన్నది అసలు పేరు కాదులెండి. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆయనది. పొద్దున్నే పనికొచ్చేసరికి ఆయన బుగ్గలు అరగదీసిన అద్దాలకన్నా నున్నగా మెరుస్తుంటాయని దుకాణం యజమాని పెట్టిన పేరది. ఆ యజమానికి పనివాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు భూతద్దంగారు. ఎదుటివాళ్ళ తప్పు ఎంత చిన్నదైనా ఆయనకి పదింతలు కనబడుతుంది.

అందరూ ఓ ప్లాస్టిక్ రేజరు తీసుకుని, బుగ్గకి రెండు గీతలు గీసి, బస్సెక్కేస్తారు. నునుపాయనకి అది మహాపాపం. ఆయన గడ్డం గీసుకోవడమంటే ముప్పావుగంట కార్యక్రమం. మొదట వేణ్ణీళ్ళలో ముంచిన తువ్వాలు. తర్వాత గిన్నెలో సబ్బు, బ్రష్షు పెట్టి గిరగిరా తిప్పితే మీగడలాంటి నురగ. ఆ తర్వాత అసలు కష్టం, ఏ కత్తి అన్నది. బరువు చూస్తాడు, పిడి చూస్తాడు, గడ్డం తడుముకుంటాడు, కళ్ళు మూసుకుంటాడు, చివరికి డాక్టరు మందు రాసినంత గంభీరంగా ఒకటి పైకి తీస్తాడు.

పిడి తిప్పితే తలుపుల్లా తెరుచుకునేవి, దువ్వెనలా పళ్ళున్నవి, ఎముక పిడిలోకి మడిచే పొడుగు కత్తులు, వాటికి పదును పెట్టే తోలు పట్టీలు, సానరాళ్ళు, పటిక ముక్కలు. ఇల్లు చూస్తే కాపురముంటున్నారో క్షౌరశాల మూసేసి సామాను దాచుకున్నారో అర్థం కాదు.

"ఇన్ని ఎందుకండీ?" అంది ఒకరోజు నర్సమ్మ. నర్సమ్మ అంటే ఆయన భార్య. ఆసుపత్రిలో నర్సు, వీధిలో అందరికీ నర్సమ్మే.

"ఒక్కో కత్తికి ఒక్కో గుణముంటుందే."

"ఉన్న మొహానికి ఒక్కటీ లేదుగా."

"నీకు తెలీదు. ఇది కళ."

"రావణాసురుడికి పది తలలు. తలకి నాలుగేసి వేసుకున్నా ఆయనకి నలభైతో సరిపోతుంది. మీకు ఇంకా మూడు ఎక్కువ." నర్సమ్మ చీర కొంగు దోపుకుంది. "వినండి. నలభై నాలుగోది ఈ గుమ్మంలోకొచ్చిన రోజు, నలభై మూడూ పాత సామాన్లవాడి బండెక్కుతాయి."

పేషెంట్లతో 'నొప్పేమీ ఉండదు' అంటూ సూది గుచ్చేసే గొంతుతోనే అంది. ఆ గొంతుతో అన్నదేదీ ఆమె ఇంతవరకూ చెయ్యకుండా వదల్లేదు. నునుపాయన ఒట్టు పెట్టుకున్నాడు. ఆరు నెలలు నిలబెట్టుకున్నాడు కూడా.

ఏడో నెల్లో ఒక మామ్మగారు దుకాణానికొచ్చింది.

చూపు బాగా మసక. గోడ తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. నునుపాయన ఖాళీ ఫ్రేము ఆమె ముక్కు మీద పెట్టి, ఒక్కొక్క అద్దమే మార్చి చూస్తున్నాడు.

"ఇల్లు కనబడేలా చెయ్యి నాయనా, చాలు," అంది మామ్మగారు. "ఆయనుండగా నాకు చూపు అవసరం లేకపోయింది. రెండు నెలలైంది పోయి. తంతి ఆఫీసులో చేసేవారు. తంతి మాస్టారంటే అందరికీ తెలుసు. ఆఖరి రోజు దాకా గడ్డం మాసిన మొహంతో ఉండలేదు. ఏడు కత్తులుండేవి. ఏ రోజు కత్తి ఆ రోజే."

నునుపాయన చేతిలో అద్దం ఆగిపోయింది.

వారానికి ఏడు కత్తుల పెట్టె! వెన్ను మీద రోజు పేరు చెక్కి ఉండేవి! అలాంటివి ఉంటాయని చదవడమే గానీ ఆయన ఎన్నడూ కళ్ళజూడలేదు.

"వెన్ను మీద... రోజుల పేర్లు ఉంటాయాండీ?"

"ఉంటాయి. నీకెలా తెలుసు?"

నాకు కత్తులంటే పిచ్చి అని చెప్పేస్తే సరిపోయేది. కానీ పిచ్చి ఉన్నవాడికి నిజం చెప్పే తీరిక ఎక్కడుంటుంది?

"మాస్టారే చెప్పారండీ," అనేశాడు. "కళ్ళజోడు బాగు చేయించుకోడానికి ఇక్కడికే వచ్చేవారుగా. ఇద్దరం గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. 'నా తర్వాత ఆ కత్తులు నీకేనోయ్' అని మాటిచ్చారు పాపం."

మామ్మగారు అద్దాల్లేని ఫ్రేములోంచి ఆయన వైపే చూస్తూ కూర్చుంది. చూస్తోందో వింటోందో తెలీలేదు.

"ఆయన మాటిస్తే తప్పేవారు కాదు," అంది చివరికి. "ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు."

ఆదివారం పొద్దున నర్సమ్మ డ్యూటీకి వెళ్ళగానే నునుపాయన మామ్మగారింటికి పరిగెత్తాడు. కిటికీలన్నీ మూసి ఉన్న ఇల్లు. గోడ మీద మాస్టారి ఫోటో. గుమ్మంలో నిలబడి తీయించుకున్నది, తల పైకమ్మికి తగులుతోంది. అంత పొడుగు మనిషి. ఆ గుమ్మంలోనే నునుపాయన నిలబడితే నెత్తి మాస్టారి జేబు దగ్గరికొస్తుంది.

మామ్మగారు నల్లచెక్క పెట్టె తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. మూత తీస్తే లోపల వెల్వెట్ గుడ్డ మీద ఏడు కత్తులు, ఏడు మడతల్లో, కళ్ళు మూసుకుని పడుకున్నట్టు.

"రోజు తప్పించకు," అంది మామ్మగారు. "సోమవారం కత్తికి మంగళవారం పని చెబితే ఆయనకి కోపమొస్తుంది."

'వచ్చేది' అనకుండా 'వస్తుంది' అందేమిటా అని ఆయన దారి పొడుగునా ఆలోచిస్తూనే ఇంటికొచ్చాడు. పెట్టెని స్నానాలగది అటక మీద, ఫినాయిలు సీసాల వెనక, పగిలిన బకెట్టులో దాచాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో నర్సమ్మ ఆ బకెట్టు జోలికి వెళ్ళలేదు. ఇంతకన్నా భద్రమైన బ్యాంకు లేదనుకున్నాడు.

సోమవారం పొద్దున్నే లేచి, తలుపు గడియపెట్టుకుని, పెట్టె దించాడు. మూత తీశాడు.

సోమవారం కత్తి తడిగా ఉంది.

మిగతా ఆరూ పొడిగా ఉన్నాయి. దీని అంచు నుంచి మాత్రం ఒక నీటి బొట్టు జారి వెల్వెట్ మీద పడింది. నునుపాయన మెల్లగా తల తిప్పి చూశాడు. తన నురగ గిన్నె తను పెట్టిన చోట లేదు. అద్దం కింద ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. నురగలో మూడు నాలుగు తెల్ల వెంట్రుక ముక్కలు.

నునుపాయనది కాకినలుపు జుట్టు. ఆ విషయంలో ఆయనకి చాలా గర్వం.

ఆ రోజు ప్లాస్టిక్ రేజరుతో రెండు గీతలు గీసుకుని బయటపడ్డాడు. జన్మలో మొదటిసారి.

"ఏమే," అన్నాడు కాఫీ తాగుతూ, "మనం రాకముందు ఈ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదు," అంది నర్సమ్మ, ఆయన వైపు చూడకుండా.

మంగళవారం కత్తి మంగళవారం పొద్దున తడిసింది. ఈసారి అద్దం నిండా ఆవిరి. ఆ ఆవిరిలో ఎవరో అరచేత్తో తుడుచుకున్నట్టు మొహమంత మేర శుభ్రంగా ఉంది. అందులో తన మొహం చూసుకుందామని దగ్గరికెళ్ళాడు. మునివేళ్ళ మీద నిక్కినా అందలేదు. అది ఆయన నెత్తికన్నా జానెడు ఎత్తున ఉంది.

ఫోటోలో పైకమ్మికి తగిలిన తల గుర్తొచ్చింది. ఆ రోజు గడ్డం జోలికే పోలేదు.

"ఏవండీ, మొహం కడిగారా?" అంది నర్సమ్మ.

"కడిగాను."

"మరి ఏదో అంటుకున్నట్టుందే?"

"గడ్డమే. పెంచుదామనుకుంటున్నా."

"మీరా? గడ్డమా? నలభై మూడు కత్తులు ఏం చేద్దామని, ఉల్లిపాయలు తరగడానికా?"

చెబుదామని నోటిదాకా వచ్చింది. దయ్యం గురించి చెప్పాలంటే కత్తుల గురించి చెప్పాలి. కత్తుల గురించి చెబితే పాత సామాన్లవాడి బండి. ఇటు చూస్తే మాస్టారు, అటు చూస్తే నర్సమ్మ. ఇద్దరిలో ఎవరంటే ఎక్కువ భయమో పైకి చెప్పలేదు గానీ, నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

బుధవారానికి తెలివి ఉపయోగించాడు. ముందురోజు సాయంత్రమే పెట్టెకి దారం చుట్టి ఏడు ముళ్ళు వేశాడు. పొద్దున చూస్తే దారం అలాగే ఉంది. ముళ్ళు లెక్కపెట్టాడు, ఏడూ ఉన్నాయి. హమ్మయ్య అనుకుని విప్పి మూత తీశాడు. బుధవారం కత్తి నిగనిగలాడుతూ, నీళ్ళోడుతూ, నవ్వుతున్నట్టుంది.

ముళ్ళు విప్పకుండా లోపలికి వెళ్ళగలిగేవాడు మనిషి కాదు.

దుకాణంలో భూతద్దంగారు ఆయన్ని ఆపాదమస్తకం చూశారు. "ఏమయ్యా, నునుపేది? గరుకు కాగితంలా తయారయ్యావు. ఇక మిషను ఎందుకు, ఆ బుగ్గకే అద్దాలు రుద్దు."

నునుపాయన చేతిలో ఉన్న అద్దంలో తన భుజం వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుంటున్నాడు.

అసలు ఆయన్ని తినేస్తున్నది తడి కత్తులు కాదు. ఆ ఇంట్లో మూసి ఉన్న కిటికీలు, ఆ ఫోటో, తన నోట్లోంచి వచ్చిన ఆ మాట. చచ్చిపోయిన మనిషి ఇవ్వని మాటని ఇచ్చినట్టు చెప్పాడు. ఆ మనిషి తన మాట తను వెతుక్కుంటూ రాకేం చేస్తాడు?

గురువారం మెలకువ వచ్చేసరికి ఒక చప్పుడు వినబడుతోంది. సర్ర్... సర్ర్... ఆగి, మళ్ళీ సర్ర్. ఆ చప్పుడు నునుపాయనకి తన పేరుకన్నా బాగా తెలుసు. ఎవరో గడ్డం గీసుకుంటున్నారు.

స్నానాలగది దగ్గరికెళ్ళాడు. లోపల గడియపెట్టి ఉంది. నర్సమ్మే ఏదో తోముతోందని తనకి తనే చెప్పుకుని తలుపు తట్టబోయాడు.

"ఏవండీ, లేచారా? కాఫీ పెట్టనా?" అంది నర్సమ్మ, వంటింట్లోంచి, ఆయన వెనక నుంచి.

తట్టబోయిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఇంట్లో ఉన్నది ఇద్దరు. ఒకరు వంటింట్లో, ఒకరు ఇక్కడ. మరి లోపల?

సర్ర్... సర్ర్...

ఆయన తలుపుకి ఆనుకుని కిందికి జారిపోయాడు. తలుపు సందు దగ్గర నోరు పెట్టి, వంటింట్లోకి వినబడకుండా గుసగుసగా అన్నాడు, "మాస్టారూ..."

చప్పుడు ఆగింది.

ఆగకపోయినా బాగుండేది.

"మాస్టారూ, తప్పయిపోయింది. మీరు నాకు మాటివ్వలేదు. నేను మిమ్మల్ని ఎప్పుడూ చూడనైనా లేదు. అబద్ధమాడాను. మామ్మగారికి చూపు లేదు కదా, నమ్మేస్తుందనుకున్నాను. కత్తుల మీద ఆశ. అంతే. నేను చెడ్డవాణ్ణి కాదు మాస్టారూ, కొంచెం అత్యాశగలవాణ్ణి. ఇవాళే పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను. నిజం చెప్పేస్తాను."

లోపల్నుంచి తలుపు మీద, సరిగ్గా ఆయన చెవి ఉన్న చోట, నెమ్మదిగా చప్పుడైంది. టక్. టక్ టక్. టక్.

తంతి ఆఫీసు చప్పుడు.

నునుపాయన నైటుడ్రెస్సు పైన చొక్కా వేసుకుని, కాఫీ తాగకుండా, స్నానం చెయ్యకుండా, రెండు కాళ్ళకి రెండు వేరు వేరు చెప్పులతో దుకాణానికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి భూతద్దంగారే విసిగిపోయి పంపేశారు. "నువ్వు అద్దం పట్టుకుంటే అద్దం వణుకుతోందయ్యా. వెళ్ళి పడుకో."

నర్సమ్మ ఇంట్లో లేదు. అటక మీంచి పెట్టె దించి, గుండెకి హత్తుకుని, మామ్మగారింటికెళ్ళాడు. దారిలో నాలుగు రకాలుగా క్షమాపణలు తయారుచేసుకున్నాడు. వాటిలో ఏదీ ఉపయోగపడలేదు. ఎందుకంటే మామ్మగారింట్లో, మాస్టారి ఫోటో కింద, చేతిలో టీ గ్లాసుతో నర్సమ్మ కూర్చుని ఉంది.

"రండి," అంది. "గంట ముందే వస్తారనుకున్నాం."

నునుపాయన పెట్టెని వీపు వెనక్కి దాచాడు.

"కూర్చో నాయనా," అంది మామ్మగారు. "పొద్దున నువ్వు చెప్పిందంతా విన్నాను. మళ్ళీ మొదటినుంచి చెప్పక్కర్లేదు."

"మీరు... పొద్దున... లోపల..."

"నేనే. మీ ఆవిడ తెల్లారకముందే బండిలో తీసుకొచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి గరిటిచ్చి, బకెట్టు గీకమంది. నీ బకెట్టు గట్టిది నాయనా, నా చెయ్యి నొప్పెట్టింది. ఆయనతో యాభై ఏళ్ళు కాపురం చేసిన దాన్ని, ఆ టకటకలు నాకు రాకుండా ఉంటాయా? 'వింటున్నాను' అని కొట్టాను."

నర్సమ్మ గ్లాసు కింద పెట్టింది. "మాస్టారు మంచం పట్టాక రెండు నెలలు రోజూ వచ్చి ఆయనకి గడ్డం గీసింది ఎవరనుకున్నారు? ఆదివారం డ్యూటీ నుంచొచ్చి, మీరు కొత్త కత్తేమైనా దాచారేమో చూద్దామని అటకెక్కితే ఈ పెట్టె కనబడింది. నా చేత్తో రోజూ తెరిచిన పెట్టె, నేను గుర్తుపట్టనా?"

"ఆ బకెట్టు... నువ్వెప్పుడూ..."

"వారానికోసారి చూస్తాను. ఇరవై ఏళ్ళుగా."

"మరి ముళ్ళు?"

"ఆపరేషన్ థియేటర్లో పదేళ్ళు పనిచేశాను. మీరు వేసిన ముడిలాంటి ముడి వెయ్యడం ఎంతసేపు?"

"అద్దం మీద అంత ఎత్తున తుడిచింది?"

"స్టూలు."

"తెల్ల వెంట్రుకలు!" అన్నాడు నునుపాయన. ఆఖరి ఆశ అది. "ఆ తెల్ల వెంట్రుకలు ఎవరివి?"

"మీవే. మీరు గురకపెడుతుంటే కత్తిరించాను."

"నాకా? తెల్ల వెంట్రుకలా?"

"నెలకోసారి మీ మెడ వెనక కత్తిరించేది నేను. మీ అద్దం మీకు ముందువైపే చూపిస్తుంది. వెనకంతా పత్తి పొలమే."

నునుపాయన చెయ్యి మెడ వెనక్కి పోయింది. అక్కడే ఉండిపోయింది. ఎన్నేళ్ళుగానో, తనకి తెలియకుండా, తన వెనకే ఒక ముసలాయన తిరుగుతున్నాడన్నమాట.

"నన్నడిగితే చెప్పేవాణ్ణి కదే," అన్నాడు నీరసంగా.

"నేనడిగితే ఇంకో అబద్ధం చెప్పేవాళ్ళు. మాస్టారడిగితే నిజం చెబుతారనుకున్నాను."

నునుపాయన లేచి పెట్టె తీసుకెళ్ళి మామ్మగారి ఒళ్ళో పెట్టాడు. "మామ్మగారూ, మీకు కనబడదు కదా అని మిమ్మల్ని మోసం చేశాను."

"చెయ్యలేదు నాయనా. నాకు అప్పుడే తెలుసు. మాస్టారు జన్మలో కళ్ళజోడు పెట్టుకోలేదు."

నునుపాయన గోడ మీద ఫోటో వైపు చూశాడు. కళ్ళజోడు లేదు.

"మరి... ఎందుకిచ్చారు?"

"నీ గొంతు వణికింది." మామ్మగారు పెట్టె మూత నిమిరింది. "రోజుల పేర్లుంటాయా అని అడిగినప్పుడు. ఆయన పోయాక ఆయన వస్తువు గురించి అలా అడిగినవాళ్ళు లేరు. అబద్ధమాడైనా కావాలనుకునేవాడు పాడు చెయ్యడులే అనుకున్నాను. ఆయన పోయాక కూడా రోజూ ఏడింటికి ఆ రోజు కత్తి తీసి తోలు పట్టీ మీద నేనే సర్రుమనిపించేదాన్ని. ఇచ్చేశాక తెలిసింది. పొద్దున ఏడింటికి ఈ ఇంట్లో చప్పుడు లేదు. ఆయన పోయినరోజు కూడా ఇల్లు ఇంత నిశ్శబ్దంగా లేదు."

నునుపాయన తల కిందికి దిగింది.

"అందుకని మామ్మగారూ నేనూ ఒకటి అనుకున్నాం," అంది నర్సమ్మ, ఆ నొప్పేమీ ఉండదన్న గొంతుతో. "పాత సామాన్లవాణ్ణి పిలవను. నలభై మూడూ ఉంచుకోండి. చూసుకోండి, తుడుచుకోండి. కానీ గడ్డం మాత్రం ఇక ఇంట్లో గీసుకోరు."

అలా శుక్రవారం పొద్దున ఏడింటికి నునుపాయన మాస్టారి ఇంట్లో, మాస్టారి నీళ్ళతొట్టి ముందు, శుక్రవారం కత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా మాస్టారి అద్దం. అందులో ఆయనకి కనబడుతున్నది నుదురు, దాని మీద నాలుగు ముడతలు. అంతే. నిక్కితే కళ్ళు వచ్చాయి.

"అద్దం కాస్త దించమంటారా మామ్మగారూ?"

"ఎందుకు? ఆయన ఎత్తుకి సరిగ్గానే ఉందిగా," అంది మామ్మగారు పక్కగదిలోంచి. తలుపు వైపు వీపు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

నునుపాయన కళ్ళు మూసుకుని, నురగ పూసుకుని, ఎడమ బుగ్గ మీద కత్తి ఆనించాడు. అంత మంచి కత్తి ఆయన చర్మం ఎన్నడూ ఎరగదు. సర్ర్... అంటూ వెన్నమీద జారినట్టు జారింది. ఇల్లంతా ఆ చప్పుడు నిండింది. కిటికీ ఒకటి ఎవరు తీశారో గానీ తెరిచి ఉంది.

"పై గది కప్పు మళ్ళీ కారుతోంది," అంది మామ్మగారు.

బాగుచేసేవాణ్ణి పంపమంటారా అనబోయి ఆగాడు. ఆమె తనతో మాట్లాడటం లేదు.

"చెల్లెలు ఉత్తరం రాసింది. మోకాళ్ళ నొప్పులట. మీరు చెప్పిన నూనె రాసుకోమన్నాను."

కత్తి గొంతు మీదికి వచ్చింది. చలికాలం కాదు, అయినా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

"ఊఁ అనరేం?" అంది మామ్మగారు.

పదునైన కత్తి కంఠం మీద ఉండగా మనిషి ఏమనగలడు?

"ఊఁ," అన్నాడు నునుపాయన. ఆ గొంతు ఆయనకే కొత్తగా, కొంచెం పొడుగు మనిషిదిలా వినబడింది.

పక్కగదిలో కుర్చీ తృప్తిగా కిర్రుమంది. ఆయన కడుక్కుని, తుడుచుకుని, పటిక రాసుకుని, రెండు బుగ్గలూ తడుముకున్నాడు. అద్దంలో చూడకుండా ఇంత నున్నగా గీసుకున్నవాడు లోకంలో తనొక్కడే అయ్యుంటాడనుకున్నాడు. కొంచెం గర్వం కూడా వచ్చింది. కత్తి మడవబోయాడు.

"అప్పుడే మడవకండి," అంది మామ్మగారు, ఇటు తిరక్కుండానే. "గడ్డం కింద, కుడివైపు. మూడు వెంట్రుకలు మిగిలాయి."

నునుపాయన వేలు పెట్టి చూసుకున్నాడు.

ఒకటి. రెండు. మూడు.

మళ్ళీ బ్రష్షు అందుకున్నాడు.